ఆట వ్రాయుట ఎట్లు?

1972వ సంవత్సరమున అమెరికాలోని అటారీ సంస్థ వెలువరించిన పాంగ్ అను ఆటలో ప్రోగ్రాము అనునది లేనే లేదు. తెరపై అటునిటు పరుగిడు చుక్కయు, దానిని తిప్పికొట్టు రెండు గీతలును, పైభాగమున మారుచుండెడి అంకెలును ఆలన్ ఆల్కార్న్ అను యువ ఇంజినీరు కూర్చిన విద్యుద్వలయముల నుండియే పుట్టినవి. చుక్క అంచుకు తగిలినచో వెనుకకు మరలవలెనను నియమము ఏ భాషలోను వ్రాయబడియుండలేదు, తీగలయందును చిప్పుల అమరికయందును అతుకబడి యుండెను. ఆ నియమము నించుక మార్చవలెనన్నను సోల్డరింగు కడ్డీ చేతబట్టి బోర్డు ముందు కూర్చుండవలసినదే. నేడు పదునాలుగేండ్ల బాలుడు తన ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి, ఒక అంకెను చెరిపి వేరొక అంకెను టైపు చేసి, మరుక్షణమున చుక్క వేగము మారుటను కన్నులార చూడగలుగుచున్నాడు. ఈ అర్ధశతాబ్దిలో యంత్రముల వేగము పెరిగిన మాట నిజమే. కాని అంతకంటె ముఖ్యముగా, ఆట యొక్క నియమము యంత్రము నుండి క్రమక్రమముగా విడివడి, దానిని ఊహించిన మనుష్యుని చేతికి వచ్చినది. వీడియో గేముల లోకములో స్క్రిప్టింగు అని పిలువబడుచున్న విద్య ఈ విడుదల ఫలమే.

నేటి ఏ వీడియో గేమునైనను విప్పి చూచినచో సాధారణముగా రెండు పొరలు కానవచ్చును. చిత్రమును తెరపై గీయుట, ధ్వనిని పలికించుట, మీట నొక్కిన సంగతి గ్రహించుట, రెండు వస్తువులు ఢీకొన్నవో లేదో లెక్కించుట, ఇట్టి పనులు ఎల్ల ఆటలకును సామాన్యములు. వీనిని నిర్వహించు భాగమునకు గేమ్ ఇంజిన్ అని పేరు. రాక్షసుడు ఎన్ని దెబ్బలకు కూలవలెను, ఏ తలుపు ఏ తాళపుచెవికి తెరచుకొనవలెను, ఓడిన ఆటగాడు ఎచ్చట మరల మొదలిడవలెను, ఇవి ఆ ఒక్క ఆటకే చెందిన సంగతులు. వీనిని చెప్పునది స్క్రిప్టు. నాటకశాలలో తెర లాగుటయు దీపము లమర్చుటయు ఎన్నడును ఒక్కటే యైనను, ఆడెడి నాటకము రాత్రి రాత్రికి మారునట్లు, ఒకే ఇంజిన్‌పై వేయి విధములైన ఆటలు నడచుట ఈ విభజనము వలననే సాధ్యమైనది. ఇంజిన్ సాధారణముగా సి ప్లస్ ప్లస్ వంటి వేగము కలిగిన, కాఠిన్యము కలిగిన భాషలో నుండును. స్క్రిప్టు భాష సరళమైనది. పరుగులో కొంత వెనుకబడినను, వ్రాసిన వెంటనే నడచి ఫలము చూపును. తప్పు వ్రాసినచో ఆట యాగునే కాని సాధారణముగా యంత్రమునకు హాని యుండదు.

ఈ యేర్పాటు పండితచర్చలలో పుట్టలేదు, పనివాని విసుగులో పుట్టినది. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థలో రాన్ గిల్బర్ట్ అను ప్రోగ్రామరు 1987లో వెలువడిన మేనియాక్ మాన్షన్ అను ఆటను నిర్మించుచు, అందలి గదులు, తలుపులు, పాత్రలు, సంభాషణలు అన్నిటిని కొమొడోర్ 64 యంత్రమునకై అసెంబ్లీ భాషలో నేరుగా వ్రాయుట తీరని పని యని గ్రహించి, చిప్ మార్నింగ్‌స్టార్ అను సహోద్యోగి సలహాసాహాయ్యములతో స్కమ్ అను ఒక చిన్న భాషను సిద్ధపరచుకొనెను. ఒక్క ఆట కొరకు పుట్టిన ఆ భాష 1990 నాటి సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్ మొదలైన ఆ సంస్థ వారి పెక్కు ఆటలకు ఆధారమైనది. తరువాత కొమొడోర్ యంత్రములు మూలబడినవి. కాని ఆ ఆటల స్క్రిప్టులను చదివి నడుపగల స్కమ్‌వీఎమ్ అను కొత్త ఇంజిన్‌ను ఔత్సాహికులు 2001లో ఆరంభించినందున, అవి నేటి ఫోనులపై సైతము చక్కగా నడచుచున్నవి. నియమము యంత్రమును అంటిపెట్టుకొని యున్నచో దానితోపాటే నశించి యుండెడిది గదా.

1996లో ఇడ్ సాఫ్ట్‌వేర్ వారు క్వేక్ అను ఆటను వెలువరించినపుడు మరియొక అడుగు ముందుకు పడినది. ఆటలోని ఆయుధముల తీరును, శత్రువుల ప్రవర్తనమును వర్ణించు క్వేక్‌సీ అను స్క్రిప్టు భాషను వారు తమ కొరకే దాచుకొనక, ఆటగాండ్రకును అందుబాటులో నుంచిరి. ఫలితముగా అదే సంవత్సరము ఆస్ట్రేలియాలోని కొందరు యువకులు క్వేక్ నియమములను తిరుగవ్రాసి టీమ్ ఫోర్ట్రెస్ అను వేరు ఆటనే కల్పించిరి. వారికి ఇంజిన్ నిర్మాణము నేర్వవలసిన అగత్యము కలుగలేదు. ఇతరులు కట్టిన ఇంజిన్‌పై తమ ఊహను మాత్రము వ్రాసికొనిరి. కొత్తగా ఈ విద్యలో ప్రవేశింపగోరువారికి నేటికిని ఇంతకంటె మంచి మార్గము నాకు తోచదు.

స్క్రిప్టు భాషలలో విశేషఖ్యాతి గడించిన లువా కథ విచిత్రమైనది. బ్రెజిల్ దేశమున రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయములో రొబేర్తో యెరుసాలిమ్‌స్కీ, లుయిజ్ హెన్రిక్ ది ఫిగైరెదో, వాల్దెమార్ సెలెస్ అను మువ్వురు 1993లో దీనిని రూపొందించిరి. పెట్రోబ్రాస్ అను చమురు సంస్థ ఇంజినీర్ల పనులకై అంతకుముందు వారు చేసిన రెండు చిన్న భాషలే దీనికి మూలము. ఆటల యూసే అందులో లేదు. ఐనను కొన్ని వందల కిలోబైట్లలో ఇమిడిపోవుటచేతను, ఏ పెద్ద ప్రోగ్రాము గర్భములోనైనను ఒదిగి కూర్చుండుటచేతను, 1998 నాటి గ్రిమ్ ఫాండాంగో అను ఆటలో స్కమ్ స్థానమును ఇదియే ఆక్రమించినది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆటగాండ్రు తమ తెరను తమకు నచ్చినట్లు దిద్దుకొనుటకు సాధనమైనది. నేడు మన పిల్లలు రాబ్లాక్స్‌లో ఆడుచున్న లెక్కలేనన్ని ఆటల వెనుక నున్నదియు దీని సంతతికి చెందిన లువావ్ భాషయే.

ఇక, ఏ భాషతో మొదలిడవలెనని యువకులు తరచుగా అడుగుదురు. అడిగి, నెలల తరబడి భాషలను పోల్చుచు కూర్చుండి, ఒక్క పంక్తియు వ్రాయనివారిని గురించియే నాకు చింత. వేరియబుల్, షరతు, లూప్, ఫంక్షన్, జాబితా అను ఐదారు భావములు ఏ భాషలోనైనను ఒక్కటే. ఒకచోట నేర్చినవి మరియొకచోట పనికివచ్చును. పదేండ్ల లోపు పిల్లలైనచో, అమెరికాలోని ఎంఐటి వారు 2007లో లోకమునకిచ్చిన స్క్రాచ్‌లో రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించుచు ఆ భావములను ఆటగానే గ్రహింతురు. పెద్దవారి యెదుట ముఖ్యముగా మూడు ద్వారములు కలవు. అన్‌రియల్ ఇంజిన్ మహాచిత్రముల వంటి భారీ ఆటలకు ప్రసిద్ధము. అందులో సి ప్లస్ ప్లస్‌తోపాటు బ్లూప్రింట్లను, అనగా పెట్టెలను గీతలతో కలిపి కోడు కూర్చు పద్ధతిని వాడవచ్చును. యూనిటీ సి షార్ప్ భాషపై నడచును. ఫోను ఆటలలో దానికి గొప్ప వ్యాప్తి కలదు, ఉద్యోగము కోరువానికి ఆ పరిచయము మేలు చేయును. ఐతే 2023 సెప్టెంబరులో ఆ సంస్థ ఆటను స్థాపించుకొన్న లెక్కన రుసుము వసూలు చేయుదునని ప్రకటించుటయు, నిర్మాతల ఆగ్రహావేశములు చూచి మరుసటి సంవత్సరమున దానిని పూర్తిగా ఉపసంహరించుటయు జరిగినవి. నాటి నుండి అనేకులు మూడవ ద్వారమైన గోడో వైపు మరలిరి.

గోడో ఇంజిన్‌ను అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మన్జూర్ అనువారు నిర్మించి, 2014లో ఎంఐటి లైసెన్సు క్రింద ఎల్లరకును ఉచితముగా విడిచిరి; దానితో చేసిన ఆటను అమ్ముకొన్నను ఎవ్వరికిని భాగమీయ నక్కరలేదు. అందలి జీడీస్క్రిప్ట్ అను భాష చూపునకు పైథాన్‌ను పోలియుండును. ఆవరణచిహ్నముల గొడవ లేక, పంక్తిని లోపలికి జరుపుటచేతనే ఏది దేనికి చెందినదో తెలుపును. కోడు వ్రాయు చోటును, చిత్రము లమర్చు చోటును, తప్పులు చూపు చోటును ఒకే కిటికీలో నుండుట కొత్తవారికి పెద్ద ఊరట. సాధారణమైన లాప్‌టాప్ చాలును. కనుక ఉదాహరణమునకు దీనినే తీసికొందము.

మొదటి ఆటగా దేనిని చేయవలెను? ఆయుధములతో, అరణ్యములతో, వందమంది ఆన్‌లైన్ శత్రువులతో కూడిన మహాకావ్యమును తలపెట్టినవాడు మూడవ వారమున విరమించును. నియమములు ముందే తెలిసిన చిన్న ఆటను ఎన్నుకొనుట వివేకము. మన వామనగుంటలు ఇందుకు మిక్కిలి తగినవి. రెండు వరుసలలో పదునాలుగు గుంటలు, ఒక్కొక్క గుంటలో నాలుగో ఐదో చింతగింజలు. ఆడువారు తమ వైపు నున్న ఒక గుంటలోని గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుచు పోవుదురు. చేతిలోనివి ముగియగానే ఆ పై గుంటలోనివి తీసి మరల పంచుదురు. ఆ పై గుంట ఖాళీగా నున్నచో, దానికి ఆవలనున్న గుంటలోని గింజలను గెలుచుకొందురు, వంతు ఎదుటివారికి పోవును. ఇంటింటికిని ఊరూరికిని కొద్ది మార్పు లుండవచ్చును గాని, ఆట యొక్క వెన్నెముక ఇదియే.

గోడోలో ప్రతి వస్తువును నోడ్ అందురు; కొన్ని నోడ్లను చేర్చి కట్టిన గుచ్ఛమును సీన్ అందురు. గుంట బొమ్మకు ఒక నోడ్, అందలి గింజల సంఖ్య చూపుటకు ఒక నోడ్, వ్రేలి స్పర్శను గుర్తించుటకు ఒక నోడ్, ఈ మూడింటిని కలిపి గుంట అను ఒక సీన్ చేసి భద్రపరచినచో, దానినే పదునాలుగు మారులు బల్లపై నిలుపవచ్చును; తరువాత ఎప్పుడో గుంట రంగు మార్చదలచినచో మూలమును ఒక్కచోట మార్చిన చాలును, పదునాలుగును మారును. ఆటగాడు గుంటను తాకగానే ఆ గుంట ఒక సిగ్నల్‌ను వెలువరించును. ఆ కబురు ఎవరు వినుచున్నారో గుంటకు తెలియదు, తెలియవలసిన పనియు లేదు. బల్ల వద్దనున్న ముఖ్యస్క్రిప్టు దానిని విని తగిన పని చేయును. ఒక భాగము మరియొకదాని గుట్టు నెరుగకుండుట కోడులో గొప్ప సుగుణము. కొత్తవారు దీని విలువ నెరుగక, ప్రతి స్క్రిప్టును ప్రతి యితర స్క్రిప్టుతో ముడివేసి, తుదకు ఏ దారమును లాగిన ఏది తెగునో తెలియని స్థితికి వత్తురు.

గింజల లెక్కను పదునాలుగు అంకెల జాబితాలో నుంచవలెను. కంప్యూటరు సున్న నుండి లెక్కించును కావున గుంటల సంఖ్యలు సున్న మొదలు పదుమూడు వరకు. పదుమూడవదాని తరువాత మరల మొదటికి వచ్చుట యెట్లు? సంఖ్యకు ఒకటి కూడి పదునాలుగుచే భాగించి, శేషము తీసికొనవలెను. పదునాలుగును పదునాలుగుచే భాగించిన శేషము సున్న, గింజ వలయముగా తిరిగి మొదటి గుంటలో పడును. బడిలో నేర్చిన భాగహారమునకు ఇట్టి ప్రయోజన మొకటి కలదని తెలిసి సంతసించిన విద్యార్థులు లేకపోలేదు. ఇక గుంటకు నాలుగు గింజలా ఐదు గింజలా అను వివాదమును మనము తీర్చ నక్కరలేదు: ఆ సంఖ్యకు స్క్రిప్టు తలభాగమున ఒక వేరియబుల్ నిచ్చి, ఎడిటరులోనే మార్చుకొనునట్లు ఎగుమతి గుర్తు పెట్టినచో, ఏ ఇంటివారి ఆట వారిది. పాంగ్ నాడు తీగలలో చిక్కుకొనియున్న నియమము ఇచ్చట అమ్మమ్మ చేతిలోకి వచ్చినది.

తప్పులు పట్టుటకును ఈ ఆట గొప్ప వసతి నిచ్చును. గుంటకు నాలుగు చొప్పున మొత్తము గింజలు 56. ఏ యెత్తు ముగిసిన తరువాతను గుంటలలోనివియు గెలుచుకొన్నవియు కలిపి 56 కావలెను. ప్రతి యెత్తు చివర ఈ మొత్తమును సరిచూచు పంక్తి యొకటి వ్రాసి, సరిపడనిచో ఆట నిలిచిపోవునట్లు చేసినచో, 55 కనబడిన క్షణముననే ఏ యెత్తులో గింజ మాయమైనదో పట్టువడును. గంటల కొలది కోడును తేరిపార చూచుటకంటె ఈ ఒక్క పంక్తి మేలు. ఇక ఎర్రర్ సందేశము ఎరుపురంగులో కనబడగానే భయపడి కిటికీ మూయు అలవాటు పలువురకు కలదు. ఆ సందేశములో స్క్రిప్టు పేరు, పంక్తి సంఖ్య, కారణము మూడును వ్రాసియే యుండును, నిదానముగా చదివినచో సగము పని తీరినట్లే.

వీటన్నిటికంటె కొత్తవారిని కలవరపెట్టునది కాలము. పైన చెప్పిన పంపకమును సాధారణమైన లూప్‌గా వ్రాసి నడిపినచో గింజలు కదలుట కనబడదు. తాకిన మరుక్షణమున అంకెలన్నియు మారిపోయి యుండును. తెర సెకనునకు అరువది మారులు గీయబడునదైనచో, ఒక్కొక్క చిత్రమునకు, అనగా ఫ్రేముకు, సుమారు 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే దక్కును. లూప్ అంతయు అట్టి ఒక్క ఫ్రేములోనే ముగియుచున్నది. ముగింపు షరతు తప్పుగా వ్రాసి లూప్ అంతులేనిదైనచో, తరువాతి ఫ్రేము ఎన్నటికిని రాదు, ఆట బిగుసుకొనిపోవును. కనుక గింజ గింజకు నడుమ టైమరు నొకదానిని పెట్టి, అది ముగియు వరకు వేచియుండుమని అవెయిట్ అను పదముతో చెప్పవలెను. అపుడు ఇంజిన్ తన చిత్రములను తాను గీసికొనుచు, సమయము రాగానే స్క్రిప్టును విడిచినచోటి నుండి మరల నడుపును.

కాలమును ఫ్రేములతో కొలుచుట ఎంత ప్రమాదమో, ఎంత వినోదమో 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్ తెలుపును. జపానులో తొమొహిరో నిషికాదో నిర్మించిన ఆ ఆటలో శత్రువులు తగ్గుకొలది మిగిలినవారి నడక వడి హెచ్చును. గీయవలసిన బొమ్మలు తగ్గుటచే ఆనాటి మందమైన ప్రాసెసరు త్వరగా పని ముగించుటయే దానికి కారణము. నిషికాదో ఆ వేగమును సరిదిద్దక అట్లే యుంచెను. ఆట అంతకంతకు ఉత్కంఠభరితమయ్యెను. కాని అందరి అదృష్టమును అట్టిది కాదు: ఫ్రేముకు ఐదు చుక్కల దూరము నడువుమని వ్రాసిన వీరుడు మంచి కంప్యూటరుపై గుఱ్ఱమువలెను, పాత ఫోనుపై నత్తవలెను పోవును. అందుచేతనే గోడో ప్రతి ఫ్రేమునను ప్రాసెస్ అను ఫంక్షన్‌ను పిలుచుచు, క్రితము ఫ్రేము నుండి ఎంత కాలము గడచినదో డెల్టా అను పేర అందించును. వేగమును డెల్టాచే గుణించినచో ఏ యంత్రముపైనను సెకనుకు నడుచు దూర మొక్కటే యగును.

పనిముట్లలో మరియొక్కదానిని మాత్రము మొదటినాటి నుండి అలవరచుకొనవలెను: లైనస్ టోర్వాల్డ్స్ 2005లో చేసిన గిట్. నడచుచున్న ఆటను ఆనాటికానాడు అందులో భద్రపరచినచో, మరునాడు ఉత్సాహముతో చెడగొట్టినదానిని నిన్నటి స్థితికి తేవచ్చును. కొత్త కోడు, ఆఖరు కోడు, నిజముగా ఆఖరు కోడు అను పేర్లతో ఫోల్డర్లు పెంచుకొనువారి సంసారమును చూచినవారికి దీని సౌఖ్యము బోధపడును.

పాఠముల విషయమున ఒక హెచ్చరిక. గోడో నాల్గవ సంచిక 2023 మార్చిలో వచ్చినపుడు పెక్కు పేర్లు మారినవి. మూడవ సంచికలో యీల్డ్ అనునది ఇపుడు అవెయిట్, కినిమాటిక్ బాడీ యనునది క్యారెక్టర్ బాడీ. పాత వీడియో పాఠమును చూచి వ్రాసిన కోడు నడువకుండుట విద్యార్థి మందబుద్ధి వలన కాదు. నేటి కృత్రిమ మేధా సహాయకులును ఈ పాత పేర్లను కొత్తవాటితో కలిపి వడ్డించుట కద్దు. వారిచ్చినదానిని అర్థము కానిదే అతికించుకొనరాదు.

పరుల కోడు చదువుట మాత్రము నిర్భయముగా చేయవలెను. 2010 నాటి వివివివివివి అను ఆట మూలకోడును దాని కర్త టెరీ కావనా 2020లో బహిరంగపరచినపుడు, ఒకే మిక్కిలి దీర్ఘమైన షరతుల వరుస అందులో కనబడి ప్రోగ్రామర్లు నివ్వెరపోయిరి. కాని ఆడినవారి ఆనందమునకు ఆ వరుస అడ్డురాలేదు. 2018లో కీర్తి పొందిన సెలెస్ట్ మొదట 2015లో పీకో-8 అను చిన్న వేదికపై నాలుగు దినములలో చేయబడిన ఆట. ఆ వేదిక తెర 128 చుక్కల చతురస్రము, రంగులు పదునారు, భాష లువా. కొండచరియ అంచు దాటిన తరువాతను ఒకటి రెండు క్షణభాగముల వరకు ఎగురుటకు ఆటగానికి అవకాశమిచ్చు దయ పెద్ద సెలెస్ట్‌లో కలదు. ఆటగాడు దానిని గమనింపడు, తన చేయి చక్కగా పనిచేయుచున్నదని మాత్రము సంతసించును. అట్టి సూక్ష్మములను చదివి తెలిసికొనుటకు ఆ వీరుని కోడును కర్తలు వెల్లడించియే యున్నారు.

తెలుగున ఆట చేయువారికి సంబంధించిన సంగతి యొకటి మిగిలినది. మన లిపిలో గుణింతములు అక్షరము పైని, ఒత్తులు అక్షరము క్రిందను చేరవలెను గదా; గోడో మూడవ సంచిక వరకు ఇంజిన్‌కు ఆ కూర్పు తెలియనందున, ‘స్త్రీ’ వంటి మాట తెరపై పొల్లులుగా ముక్కలై చెదరిపోయెడిది. నాల్గవ సంచికలో హార్ఫ్‌బజ్ అను అక్షరసంయోజన గ్రంథాలయమును చేర్చుటతో సంయుక్తాక్షరములు సరిగా కుదురుచున్నవి. ఐతే ఇంజిన్‌తో వచ్చు ఫాంటులో తెలుగక్షరములు లేవు, వెబ్ కొరకు సిద్ధపరచిన ఆటకు చూచువాని కంప్యూటరులోని ఫాంట్లు అందవు. కావున ఉచితముగా లభించు మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లలో ఒకదానిని దించుకొని, ఆ ఫైలును ప్రాజెక్టు ఫోల్డరులోనే యుంచి, థీమ్‌లో దానిని ముఖ్య ఫాంటుగా నిర్దేశింపవలెను. ఈ పని మరచినచో, చేసినవాని తెరపై చక్కగా కనబడిన ‘వామనగుంటలు’ అను శీర్షికకు బదులు ఆట తెరచిన స్నేహితునికి వరుసగా ఖాళీ పెట్టెలు కనిపించును.